వాలు మీద మూడో చోటు

మధ్యాహ్నం సంత కిక్కిరిసి ఉన్న వేళ బకూలి బండి మళ్ళీ మొరాయించింది. తాళం తిప్పితే సెల్ఫు గిరగిరా తిరుగుతోంది గానీ ఇంజను పట్టుకోవడం లేదు. వెనక సీట్లో కోటు వేసుకున్న పెద్దమనిషి, ఆయన ఒళ్ళో గంప, గంపలో రెండు బాతులు. బాతులు గోల పెడుతున్నాయి. పెద్దమనిషి మాత్రం పెదవి విప్పలేదు. అంతానానరీవో ఊరి పెద్దమనుషులు కోపమొస్తే తిట్టరు, గడియారం చూసుకుంటారు. ఆయన ఇప్పటికి నాలుగోసారి చూసుకున్నాడు.

బానెట్ ఎత్తి చూద్దామని బకూలి తలుపు తీసి ఒక కాలు కింద పెట్టిందో లేదో, జనం వచ్చేశారు. పొంగణాలమ్మే రసూవా అట్లపుల్ల పక్కన పడేసి వచ్చింది. ఉల్లిపాయలవాడు వచ్చాడు. బియ్యం బస్తాలు మోసే ఇద్దరు బస్తాలు దించి మరీ వచ్చారు. ఆ ఊళ్ళో ఆగిన బండిని చూసి నెట్టకుండా పోయినవాణ్ణి మనిషి కింద లెక్కకట్టరు.

"ఎక్కమ్మా, ఎక్కు! రెండో గేరు వెయ్యి!"

"ఒక్క నిమిషం ఆగండయ్యా, అసలేమైందో చూడనివ్వండి…"

"చూసేదేముంది, నడిస్తే చాలదూ? ఒకటీ, రెండూ, హెయ్!"

బండి కదిలింది. కదిలే బండిలోకి బకూలి గబుక్కున దూకి కూర్చోక తప్పలేదు. పది బారలు పోయేసరికి ఇంజను దగ్గి, తుమ్మి, పట్టుకుంది. వెనక జనం చప్పట్లు కొట్టారు. రసూవా చేతులు దులుపుకుని పొయ్యి దగ్గరికి పోయింది. ఆ రోజుకి అది మూడో నెట్టుడు. ఎప్పటిలాగే ఆ బండి జబ్బేమిటో ఎవరూ చూడలేదు.

ఆ బండి మీగడరంగు కత్రెల్, పాతకాలపు ఫ్రెంచి చిన్నకారు. ఆ ఊళ్ళో టాక్సీలన్నీ మీగడరంగే, సగం కత్రెళ్ళే. నడిపేవాళ్ళ కంటే వయసులో పెద్దవి. సంతలోంచి పై ఊరికి ఎక్కే రాతి వీధిలో వీళ్ళ స్టాండు. వాలు వెంబడి ఒకదాని వెనక ఒకటి నిలబెడతారు. ఎవరి చోటు వాళ్ళది, తాతలనాటి పొలం గట్లలాగా. అందరికంటే పైన సంఘం పెద్ద రఫరాలాహిది. పైనుంచి మూడోది బకూలి మొగుడు ఫనీరిది. చలికాలం చివర ఫనీరి ఇంటి పెంకులు సర్దబోయి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాక తాళంచెవి బకూలి తీసుకుంది. మూడో చోటులో బండి పెట్టబోతే రఫరాలాహి అడ్డం వచ్చాడు. "కొత్త చెయ్యి కదమ్మా, వాలు మీద బ్రేకు జారితే ప్రమాదం. కొన్నాళ్ళు కింద చదునులో పెట్టుకో" అన్నాడు. మాట మెత్తగానే ఉంది. ఆ కొన్నాళ్ళు రెండు నెలలైంది. జకరండా చెట్లు నీలంగా పూసి, ఎండలు ముదిరి, ఇంకో నెలలో వానలు కూడా రాబోతున్నాయి. బకూలి ఇంకా కిందే ఉంది.

బాతుల పెద్దమనిషిని దించి తిరిగొచ్చేసరికి రఫరాలాహి ఆమె కోసం వాలు దిగి వచ్చి ఉన్నాడు. ఆయన వాలు దిగి వచ్చాడంటే మాట బరువైనదే. గడ్డి టోపీ తీసి విసురుకుంటూ నిలబడ్డాడు.

"బకూలీ, నువ్వు నా కూతురులాంటిదానివి."

మగవాళ్ళు ఈ మాటతో మొదలుపెడితే చివర తీపి కబురు ఉండదని బకూలికి తెలుసు.

"చెప్పండి పెద్దయ్యా."

"స్టాండు పేరు పోతోందమ్మా. రోజూ మూడుసార్లు నెట్టుడు. ఎక్కినవాళ్ళు నవ్విపోతున్నారు. శనివారం కూటంలో ఒక కట్టుబాటు పెడదామనుకుంటున్నాం. నెట్టందే కదలని బండి స్టాండులో ఉండకూడదని."

"నన్ను తీసేస్తారన్నమాట."

"నిన్నెవరు తీసేస్తారమ్మా? బండి చేతులు మారుతుందంతే. జిల్బేర్‌కి ఇవ్వు. వాడైతే ఎలాగోలా నడుపుతాడు. నీ వాటా నీ ఇంటికొస్తుంది. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చుని దుప్పట్లకి పూలు కుట్టుకో."

జిల్బేర్ ఫనీరికి చిన్నాన్న కొడుకు. వాలు మీద అయిదో చోటు వాడిది. వాడి బండి అద్దె బండి కాబట్టి ఈ కత్రెల్ మీద వాడికి ఎప్పటినుంచో కన్నుంది. బకూలి పదిహేనేళ్ళు దుప్పట్లకి పూలు కుట్టింది. కుట్టి కుట్టి, ప్రపంచమంతా వేళ్ళ మధ్యనే ఉందనుకునేది. టాక్సీ ఎక్కాక కొండ మీది నుంచి పొద్దున్నే ఊరు మొత్తం కనబడితే, ఒక చేత్తో గేరు మారుస్తూ మలుపు తిప్పితే, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు "పోనీ అమ్మా" అంటే, ఆమెకు కలిగిన సంతోషం ఇంతకు ముందు ఎరగనిది. మళ్ళీ సూది పట్టుకోవడం ఆమె వల్ల కాదు.

"శనివారం దాకా టైముందిగా పెద్దయ్యా" అంది.

ఆయన టోపీ పెట్టుకుని, వాలెక్కుతూ, ఆయాసంతో రెండుసార్లు ఆగాడు.

ఫనీరి మంచం మీద కాలు చాపుకుని కబురంతా విన్నాడు. కట్టు కట్టిన కాలి కింద రెండు దిండ్లు, చేతిలో రేడియో. రెండు నెలలుగా మంచం మీంచే బండి బాగుచేస్తున్నాడు.

"కాయిలు మార్చమన్నాగా?"

"మార్చాను."

"కండెన్సరు?"

"అదీ మార్చాను. మీ జిల్బేర్ చెబితే పెట్రోలు పైపుకి బట్టల క్లిప్పులు పెట్టాను, వేడి లాగేస్తాయట. ఉల్లిపాయలాయన చెబితే పంపు మీద తడిగుడ్డ కప్పాను. ఇప్పుడు బానెట్ ఎత్తితే దండెం మీద బట్టలారేసినట్టుంది. అయినా ఎండలో కాసేపు ఆగిందంటే మళ్ళీ చావదు, బతకదు."

"రసూవా అత్త ఏమంది?"

"పోయినవారం నేను బండిలో పంది తొడ ఎక్కించానట. మీ నాన్నకి పంది మాంసం నిషేధం కదా, అందుకని అలిగాడట. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది అత్తా అంటే, 'పోయినవాళ్ళకే కదమ్మా పట్టింపులెక్కువ' అంది."

ఫనీరి నవ్వాడు. నవ్వితే కాలు కదిలి "అమ్మా" అన్నాడు. తర్వాత రేడియో కట్టేసి, కాసేపు పైకప్పు కేసి చూశాడు.

"పొద్దున చక్కగా లేస్తోందా?"

"తాళం పెట్టీ పెట్టగానే."

"పెట్రోలు?"

"తెగ తాగుతోంది. స్టాండులో ఎవడన్నా పీల్చుకుంటున్నాడేమోనని నాకు అనుమానం. మీ తమ్ముడి మీదే."

"వాడు బద్ధకస్తుడు, పైపు నోట్లో పెట్టుకోవడానికి కూడా ఒళ్ళొంగదు." ఫనీరి మళ్ళీ ఆలోచించాడు. "బకూలీ, బండి చచ్చినప్పుడు ప్లగ్గు తీసి చూశావా? తడిగా ఉందా, పొడిగా ఉందా?"

"తియ్యనిస్తేగా? బానెట్ మీద చెయ్యి వేసేలోపల నెట్టేస్తారు."

"అదీ సంగతి. జబ్బుమనిషిని జబ్బుతో ఉన్నప్పుడు చూపించాలి. లేచి తిరుగుతుంటే వైద్యుడు మాత్రం ఏం చూస్తాడు? దాన్ని ఎవరూ లేనిచోట చంపు. నేనూ వస్తాను."

"ఆ కాలుతోనా?"

"కాలు విరిగింది గానీ కళ్ళు విరగలేదుగా."

మర్నాడు అతన్ని ఎలాగో ముందు సీట్లోకి తోసి, చంకకర్రలు వెనక పడేసి, బకూలి ఊరు దాటించింది. వరిమళ్ళ మధ్య కట్ట మీద రోడ్డు. కనుచూపు మేర మనిషి లేడు. ఇంజను బాగా కాలేదాకా అటూ ఇటూ తిప్పి, నీడ లేని చోట ఆపింది. ఫనీరి ఉక్కపోతకి ఆగలేక, కర్రలేసుకుని దిగి కట్ట పక్కన రాయి మీద కూర్చున్నాడు. ఓ పావుగంట ఆగి బకూలి తాళం తిప్పింది. గిరగిరగిర. బండి చచ్చింది.

"చచ్చింది!" అని అరిచింది సంతోషంగా. బండి ఆగిపోయినందుకు మొగుడూ పెళ్ళాం అంతగా మురిసిపోవడం అదే మొదటిసారి.

ఆ అరుపే కొంప ముంచింది. కట్ట దిగువన, ఎండిన మడిలో ఇటుకలు కోస్తున్నవాళ్ళు ఎనిమిదిమంది లేచి నిలబడ్డారు. వానలు రాకముందే ఇటుకలు ముగించాలని రెక్కలు ముక్కలు చేసుకుంటున్నవాళ్ళు, పాపం, పని ఆపి పరుగున కట్టెక్కారు.

"వద్దు బాబూ, వద్దు! నెట్టకండి!"

"మొహమాటమెందుకక్కా, మేమున్నాంగా!"

మట్టిచేతులు పదహారు బండికి ఆనాయి. ఫనీరి రాయి మీంచి "ఆగండ్రా నాయనా" అంటూ కర్ర ఊపాడు. ఉత్సాహపరుస్తున్నాడనుకుని వాళ్ళు ఇంకా గట్టిగా తోశారు. ఇంజను పట్టుకుంది. ఆపితే మళ్ళీ చస్తుందన్న భయంతో బకూలి ఆపలేదు. కట్ట మీద తిప్పే జాగా కూడా లేదు. అలాగే ముందూరిదాకా పోయి, చర్చి దగ్గర తిప్పుకుని వచ్చేసరికి, మొగుడు ఇటుకలవాళ్ళ మధ్య కూర్చుని అన్నం మాడు కాచిన నీళ్ళు తాగుతూ, కాలు ఎలా విరిగిందో కథ చెబుతున్నాడు. బండి వెనకాల పదహారు ఎర్రమట్టి చేతిముద్రలు మిగిలాయి.

"మంచివాళ్ళే" అన్నాడు ఫనీరి దారిలో.

"మంచివాళ్ళు కాబట్టేగా ఈ బాధ" అంది బకూలి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే నవ్వొచ్చింది. శనివారం ఇంక ఎల్లుండే.

శుక్రవారం ఆమె ఇంకో దారి పట్టింది. దాక్కుంటే లాభం లేదు, నడిబజారులోనే తేల్చుకోవాలి. ఫనీరిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పొద్దున్నుంచీ బేరాలు తిప్పింది. మధ్యాహ్నం చదునులో, తన చోటులో, బండి ఆపి కూర్చుంది. కాసేపాగి తాళం తిప్పింది. బండి నమ్మకం నిలబెట్టుకుని చచ్చింది.

అందరికంటే ముందు వచ్చింది రసూవాయే. చీరకొంగులాంటి ఉత్తరీయం నడుముకి బిగించి, చేతులు బండికి ఆనించింది.

"అత్తా, చెయ్యి తియ్యి. ఇవాళ నెట్టొద్దు."

"ఏం?"

"నెట్టొద్దంతే."

రసూవా చేతులు తీసింది. మొహం ఎర్రబడింది. "ఏమ్మా, మా చేతులకి మైల అంటిందా? రెండు నెలలు నెట్టించుకున్నప్పుడు లేని మైల ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చింది? మొగుడు పక్కనుంటే మనుషులు అక్కర్లేదా?"

అప్పటికి పదిమంది పోగయ్యారు. ఉల్లిపాయలవాడు "ఇదేం మర్యాద" అన్నాడు. బస్తాలవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.  ఈ మనుషులు దూరమైతే తర్వాత బండి బాగుపడి మాత్రం ఏం లాభం? బకూలి చటుక్కున వంగి రసూవా రెండు చేతులూ పట్టుకుంది.

"అత్తా, నీ చేతులు నాకు కావాలి. నెట్టడానికి కాదు. నాకు రెండే ఉన్నాయి, ఇక్కడ పని ఆరు చేతులది. ముందు నీ పొయ్యి అవతలికి జరుపు, ఇక్కడ పెట్రోలు ఉంది. తర్వాత వచ్చి ఇది పట్టుకో."

పని చెబితే కోపం నిలవదు. పొయ్యి జరిగింది. ఉల్లిపాయలవాడు తన గొడుగు తెచ్చి ఇంజను మీద నీడ పట్టాడు. ఇంజనుకి నీడెందుకో ఎవరూ అడగలేదు. బస్తాలవాళ్ళ పని జనాన్ని వెనక్కి నెట్టడం, ఏదో ఒకటి నెట్టాలి కాబట్టి. బకూలి పానా పెట్టి మొదటి ప్లగ్గు విప్పింది. వేళ్ళు కాలాయి. కొంగుతో పట్టుకుని పైకి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కొన నల్లగా, తడిగా, మెరుస్తోంది.

"తడి!" అని అరిచింది.

"ఎంత తడి?" కిటికీలోంచి ఫనీరి.

"కారుతోంది."

"అన్నీ తియ్యి."

నాలుగూ తీసింది. నాలుగూ తడి. ఒకదాన్ని శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి, వైరు తగిలించి, పైపుకున్న బట్టల క్లిప్పొకటి పీకి దాంతో పట్టుకుని ఇంజను ఇనుముకి ఆనించింది. "ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చింది ఇది" అంది. ఫనీరి పక్కకి ఒరిగి తాళం తిప్పాడు. చిటిక్, చిటిక్ అని నీలంరంగు నిప్పు. జనమంతా "ఓ" అన్నారు. రసూవా గుండెల మీద చెయ్యి వేసుకుని పైలోకంలో ఉన్న ఫనీరి తండ్రికి క్షమాపణ చెప్పుకుంది.

"కరెంటు బాగుంది" అంది బకూలి మొగుడితో. "అనవసరంగా కాయిలు మార్చాం. దీనికి ఆకలి కాదు, అజీర్తి. పెట్రోలు ఎక్కువై మునిగిపోతోంది. నెట్టినప్పుడు ఇంజను నాలుగు తిప్పులు ఎక్కువ తిరిగి, ఎక్కువైంది కక్కేసి లేస్తోంది."

"మరి ఆగిన ఇంజనుకి పెట్రోలు పోసేదెవరు?"

బకూలి వేళ్ళ మీద లెక్కపెట్టింది. పంపు ఆగింది. కాలు తొక్కలేదు. చోక్ లాగలేదు. ప్లగ్గులు బిగించి, మునిగిన ఇంజనుని, యాక్సిలరేటరు అదిమిపెట్టి, సెల్ఫు మీదే ఆరబెట్టి లేపింది. కాసేపు తిరగనిచ్చి మళ్ళీ ఆపింది. ఈసారి ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. అందరూ ఊరికే నిలబడి బండిని చూశారు, అన్నం ఎప్పుడు ఉడుకుతుందా అని చూసినట్టు. రసూవా పొంగణాలు పంచింది.

ఫనీరి చూడటానికి ఇంకేమీ లేక ఎదురుగా వేలాడుతున్న సీసా చూస్తూ కూర్చున్నాడు. ఆ ఊళ్ళో టాక్సీలకి పెట్రోలు ట్యాంకులు తుప్పుపట్టి పోయి చాలాకాలమైంది. మంచినీళ్ళ సీసాలో బేరానికి సరిపడా పోయించుకుని, మూతకి చిల్లి పెట్టి, సన్నపైపు దించుతారు. సాయంత్రం సీసా ఇంటికి తీసుకుపోతారు. ఫనీరి రోజుల్లో సీసా కింద, కాళ్ళ దగ్గర ఉండేది. బకూలి ఎక్కిన మొదటి వారంలోనే ఒకావిడ బుట్ట తగిలి అది ఒలికింది. దాంతో బకూలి రాఫియా నారతో ముచ్చటైన సంచి అల్లి, సీసాని అందులో పెట్టి అద్దం పక్కన కొక్కేనికి వేలాడదీసింది. వాసన లేదు, తన్నేవాళ్ళు లేరు, ఎంత పెట్రోలుందో ఎదురుగా కనబడుతుంది. పైస్టాండువాళ్ళు కూడా వచ్చి చూసి మెచ్చుకున్నారు.

"బకూలీ" అన్నాడు ఫనీరి నెమ్మదిగా. "ఇంజను ఆపినప్పుడు పెట్రోలు ఈ సీసాకి అంటించిన కాగితం మీద నీలం కొండ బొమ్మ శిఖరం దాకా ఉంది."

"అయితే?"

"ఇప్పుడు కొండ మొదట్లో ఉంది."

బకూలి కిటికీలోంచి తల లోపల పెట్టింది. సంచి అల్లిక సందుల్లోంచి ఇద్దరూ చూశారు. పెట్రోలు దిగుతోంది. చాలా తీరుబడిగా, ఎవరినీ తొందర పెట్టకుండా దిగుతోంది. పై కొక్కెం నుంచి పైపు వెంట పంపులోకి, పంపులోంచి కార్బొరేటర్‌లోకి, అరిగిన పిన్ను సందులోంచి నేరుగా ఇంజను కడుపులోకి.

 ఎండా కాదు, కాయిలూ కాదు, పంది తొడా కాదు. బండి చచ్చేది వేడెక్కినందుకు కాదు, సీసా పైన వేలాడుతుండగా ఊరికే ఆగి ఉన్నందుకు. పొద్దున సీసా తగిలించిన మరుక్షణం బయల్దేరుతుంది కాబట్టి పొద్దున ఏ గొడవా లేదు. రెండు నెలలుగా ఊరంతటిచేత నెట్టించింది తన చేత్తో అల్లిన సంచి.

"ఎంత అందంగా అల్లానో" అంది చివరికి.

"నిజమే, అందంగానే ఉంది" అన్నాడు ఫనీరి. అతను నవ్వు ఆపుకోవడానికి చెంప లోపలివైపు కొరుక్కుంటున్నాడు.

"నవ్వు, నవ్వు. ఆపుకుంటే కాలు నొప్పెడుతుంది."

ఇద్దరూ నవ్వారు. ఏం జరిగిందో తెలియకపోయినా జనమూ నవ్వారు. బకూలి దాచలేదు, సీసా పైకెత్తి అందరికీ చూపించి జరిగింది చెప్పింది. తర్వాత సీసాని కిందికి దించి, సీటు పక్కన చెక్కముక్కలు బిగించి, తన్నినా పడకుండా అక్కడ నిలబెట్టింది. ఇంజను లేపి, వేడెక్కించి, ఆపి, మళ్ళీ అందరూ కాచుకున్నారు. ఈసారి పొంగణాలు అయిపోయాయి. బకూలి తాళం తిప్పింది. సెల్ఫు ఒక్కసారి అనగానే ఇంజను పట్టుకుంది.

కేకలు వేస్తారనుకుంది. అందరూ తమ ఖాళీ చేతుల కేసి చూసుకున్నారు. బస్తాలవాళ్ళలో పెద్దవాడు గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఇంక మేం రానక్కర్లేదా అక్కా?"

"రండి. ఊరికే రండి" అంది బకూలి. అప్పుడు అరిచారు కేకలు.

సాయంత్రం బేరాల మధ్య చదునులో కూర్చుని ఆమె ఆ చప్పుడే మళ్ళీ మళ్ళీ తలుచుకుంది. సెల్ఫు ఒక్క మాట, ఇంజను ఒక్క జవాబు. ఎంత తియ్యటి చప్పుడు! పైన వాలు మీంచి రఫరాలాహి బండి దిగి వెళ్ళింది. తర్వాత రెండోది దిగింది. తర్వాత జిల్బేర్‌ది. బకూలి గబుక్కున నిటారుగా కూర్చుంది. ఈ రెండు నెలల్లో పైనుంచి ఒక్క సెల్ఫు చప్పుడైనా తను విన్నదా?

శనివారం మధ్యాహ్నం రాతిమెట్ల మీద కూటం జరిగింది. పదకొండుమంది మగవాళ్ళు, బకూలి. ఫనీరి కింద బండిలోనే ఉన్నాడు, మెట్లెక్కలేక. రఫరాలాహి టోపీ మోకాలి మీద పెట్టుకుని, పెద్దల్ని స్మరించి, స్టాండు పరువు గురించి తీరిగ్గా మాట్లాడాడు. ఆయన మాట్లాడితే ఎవరికైనా వినబుద్ధవుతుంది. చివరికి కట్టుబాటు దగ్గరికి వచ్చాడు.

"నెట్టందే కదలని బండికి మన స్టాండులో చోటు లేదు. ఒప్పుకున్నవాళ్ళు చెయ్యెత్తండి."

అందరికంటే ముందు లేచిన చెయ్యి బకూలిది.

రఫరాలాహి కళ్ళు చిట్లించాడు. "అర్థమైందా అమ్మా నేనన్నది?"

"అర్థమైంది పెద్దయ్యా. మంచి కట్టుబాటు. ఇవాళ్టినుంచే పెడదాం. అందరం బండ్లు కింద చదునులోకి దించుదాం. ఎండలో ఓ అరగంట ఆపుదాం. తర్వాత ఒక్కొక్కళ్ళం తాళం తిప్పుదాం. లేచిన బండి ఉంటుంది, లేవనిది పోతుంది. ముందు నాది."

ఆమె గొంతు పెంచలేదు. పూలదారం ముడివేసినంత నెమ్మదిగా అంది. సగం లేచిన చేతులు గాల్లోనే ఆగాయి. ఒకటి చెవి గోక్కోవడానికి పోయింది. ఇంకొకటి జేబులోకి పోయింది.

"చదునులోనా?" అన్నాడు జిల్బేర్.

"చదునులోనే. రెండు నెలలుగా నేనున్నచోట."

"అది కాదు వదినా… నా బ్యాటరీ…"

"ఏమైంది నీ బ్యాటరీకి?"

"మంచిది ఇంట్లో ఉంది. టీవీకి." వాడు నేల చూపులు చూశాడు. "బండిలో ఉన్నది ముసలిది. ప్లగ్గులకైతే చాలు. వాలు ఉందిగా అని."

మెట్ల చివర ఎవడో కిసుక్కుమన్నాడు. "నువ్వెందుకు నవ్వుతావురా, నీ సెల్ఫుకి పళ్ళున్నాయా?" అన్నాడు పక్కవాడు. "నీకున్నాయా?" "నాది ఉంది గానీ తిరగదు." ఒక్కొక్కరే బయటపడ్డారు. అందరిదీ ఒకటే సంగతి. బ్రేకు వదలడం, జారడం, సంత మలుపులో గేరు వెయ్యడం. ఏళ్ళ తరబడి అంతే. వాలు వాళ్ళని రోజూ నెట్టి పెడుతుంటే, తమని ఎవరూ నెట్టడం లేదనే అనుకున్నారు వాళ్ళు. అబద్ధమాడిందెవరూ లేరు. అసలా ఆలోచనే ఎవరికీ రాలేదు.

అందరూ రఫరాలాహి వైపు చూశారు. ఆయన టోపీ అంచు తిప్పుతున్నాడు. బకూలికి ఆయన మీద జాలేసింది. ఏదో అనబోయింది. ఆయనే తల ఎత్తాడు.

"నా బండికి సెల్ఫే లేదమ్మా" అన్నాడు. "తీసి అమ్మేశాను. చిన్నవాడి పెళ్ళప్పుడు."

"చిన్నవాడికి ఇద్దరు పిల్లలు కదా పెద్దయ్యా!" అన్నాడు జిల్బేర్.

"మూడోది కడుపులో ఉంది" అన్నాడాయన. అనేసి, ఆయనే ముందు నవ్వాడు. పొట్ట కదిలేలా, కళ్ళు తుడుచుకునేలా నవ్వాడు. ఇంక కూటం కూటంలా లేదు. కింద సంతలో రసూవా తలెత్తి, ఏమిటా అని చూసింది.

నవ్వులు సద్దుమణిగాక బకూలి లేచి నిలబడింది. "కట్టుబాటు పెడితే స్టాండులో నేనొక్కదాన్నే మిగులుతాను. నాకు తోచదు. కాబట్టి అది వదిలెయ్యండి. నేనడిగేది ఒక్కటే. మా ఆయన చోటు."

ఎవరూ చెయ్యెత్తలేదు, ఎత్తే పని పడలేదు. రఫరాలాహి టోపీ తలకి పెట్టుకుని, "సోమవారం పొద్దున్నే పెట్టుకో" అన్నాడు. కాస్త ఆగి, "బ్రేకు జారుతుందని అన్నాను చూడు, అది నీకు రాదని కాదమ్మా. ఆ చోటు ఖాళీగా ఉంటే మా బండ్లు కొంచెం విడివిడిగా నిలబెట్టుకున్నాం" అన్నాడు. నిజం అంత చిన్నదన్నమాట. బకూలికి ఒళ్ళు మండింది. రెండు నెలల ఎండ, రెండు నెలల ఎగతాళి, ఒక జానెడు జాగా కోసం. కానీ ఆ ముసలాయన మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు.

"సోమవారం దగ్గరదగ్గరగా జరగండి మరి" అంది.

సోమవారం పొద్దున పొగమంచు ఇంకా విడవకముందే మూడో చోటులో మీగడరంగు కత్రెల్ నిలబడింది. బకూలి చక్రం కింద రాయి పెట్టి, బానెట్ తుడిచింది. అక్కణ్ణుంచి సంత కప్పులు, చెరువు చుట్టూ నీలిపూల చెట్లు, దూరాన మళ్ళలో ఇటుకబట్టీల పొగ, అన్నీ కనబడుతున్నాయి. పై బండ్లు రెండూ బేరాల మీద వెళ్ళిపోయాయి. నర్సు దుస్తుల్లో ఒకావిడ గబగబా వచ్చి వెనక సీట్లో కూర్చుంది. "ఆస్పత్రికి. ఆలస్యమైంది."

బకూలి రాయి తీసి, సీట్లో సర్దుకుంది. కింద అయిదో చోటులో జిల్బేర్ అద్దం తుడవడం ఆపాడు. కిందినుంచి ఖాళీగా తిరిగొచ్చి తలుపు తీస్తున్న రఫరాలాహి తలుపు పట్టుకునే ఆగాడు. ఆ మెట్ల మీద, ఆ వాలు మీద, ఎన్నో ఏళ్ళ తర్వాత ఒక సెల్ఫు చప్పుడు వినబడబోతోందని అందరూ చెవులు రిక్కించారు. బకూలికీ తెలుసు. తాళం పెట్టింది, సగం తిప్పింది. కాళ్ళ కింద చక్కటి వాలు, నున్నటి రాతిబాట. ఈ చోటు కోసమే కదా అంత పోరాడింది.

ఆమె బ్రేకు వదిలేసింది. బండి చప్పుడు లేకుండా కిందికి జారింది.

నర్సు కంగారుగా ముందుకి వంగింది. "ఏమ్మా, ఇంజను వెయ్యవా?"

"వేస్తాలెండి" అంది బకూలి, గాలికి ఎగిరే జుట్టు వెనక్కి తోసుకుంటూ. "సంత మలుపులో."